హైమ్‌డాల్ కొమ్ము ఎవరి కోసం?

ప్రాచీన దేవతల పేర్లెత్తి పాడే ఆధునిక సంగీతం పట్ల అభ్యుదయవాదులు ఏ వైఖరి తీసుకోవాలి? ఈ ప్రశ్నకు మనలో రెండు సమాధానాలు తయారుగా ఉన్నాయి. గతాన్ని కీర్తించేదంతా అభివృద్ధి నిరోధకమేననీ, దాన్ని వింటూ కాలం వృథా చేయడం దేనికనీ కొందరంటారు. సంగీతానికి రాజకీయాలు అంటగట్టడం అన్యాయమనీ, చెవికి బాగుంటే వినాలి, లేకపోతే మానాలి అనీ మరికొందరంటారు. మొదటివారు వినకుండానే తీర్పు చెబుతారు. రెండోవారు విన్న తరవాత కూడా చెప్పరు. ఈ రెంటిలో దేన్నీ విమర్శ అనడానికి వీల్లేదు.

ఈ ప్రశ్న నాకు పుస్తకాల్లోంచి రాలేదు. మా కాలేజీలో బి.ఏ. రెండో సంవత్సరం చదువుతున్న ఒక కుర్రవాడు వేశాడు. అతను విద్యార్థి సంఘంలో పనిచేస్తాడు. సభలకు జెండాలు కడతాడు, కరపత్రాలు పంచుతాడు. ఒకనాడు క్లాసులయ్యాక స్టాఫ్ రూముకు వచ్చి, "సార్, నేను నార్వే బృందం ఒకదాని పాటలు వింటున్నాను. ఆ హోరు నాకెంతో నచ్చుతున్నది. మా సంఘంలో పెద్దవాళ్ళు అవి నాజీల పాటలంటున్నారు. మీరు ఒకసారి విని చెప్పండి. నాకు నచ్చడం తప్పవుతుందా?" అన్నాడు. విని చెప్పమన్నాడు గనక విన్నాను. దాదాపు నెల రోజులపాటు, ఆ బృందం మొదటి ఆల్బం నుంచి 2023 మార్చిలో విడుదలైన 'హైమ్‌డాల్' దాకా వరసగా విన్నాను. పాశ్చాత్య సంగీత శాస్త్రం నేను చదివినవాణ్ణి కాను. పద్యం వింటే దాని నడక పట్టుకోగల చెవి మాత్రం ఉంది. ఆ చెవి భరోసాతోనే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

ఆ బృందం పేరు ఎన్‌స్లేవ్డ్. ఇంగ్లీషులో ఆ మాటకు బానిసగా చేయబడినవాడని అర్థం. నార్వే పడమటి తీరాన హౌగెసున్ అనే రేవు పట్టణంలో 1991లో ఈవార్ బ్యోర్న్‌సన్, గ్రూట్లె షెల్సన్ అనే ఇద్దరు దీన్ని మొదలుపెట్టారు. అప్పటికి ఈవార్‌కు 13 ఏళ్ళు, గ్రూట్లెకు 17. ముప్పయి ఏళ్ళు దాటినా బృందానికి ఆ ఇద్దరే ఇరుసులా ఉన్నారు. క్రైస్తవం రాకముందు ఉత్తర ఐరోపా ప్రజలు కొలిచిన దేవతలనూ, వారి గాథలనూ వస్తువుగా తీసుకునే ఈ రకం సంగీతాన్ని పేగన్ మెటల్ అంటారు. విద్యుత్ గిటారు ధ్వనిని కావాలనే గరుకు చేస్తారు. డ్రమ్ములను ఊపిరాడని వేగంతో మోగిస్తారు. గొంతును రాగంలోకి పోనివ్వకుండా కేకగా, గీరగా వాడతారు. మొదటిసారి విన్నవాడికి అది గాలివానలో రేకుల కప్పు కింద నిలబడినట్టుంటుంది. కాసేపు నిలబడగలిగితే ఆ హోరులోనూ ఒక నడక ఉన్నదని తెలుస్తుంది.

సంఘం పెద్దల అనుమానం ఆధారం లేనిది కాదు. ఆ రోజుల్లో నార్వేలో ఈ సంగీతం చుట్టూ పెరిగిన వాతావరణం చాలా వికారమైనది. 1992 జూన్ 6న బెర్గెన్ దగ్గర ఫాన్‌టాఫ్ట్ కొయ్య చర్చి తగలబడింది. ఆ తరవాత మరికొన్ని చర్చీలు తగలబడ్డాయి. 1993 ఆగస్టులో ఆస్లోలో ఒక సంగీతకారుడు మరొక సంగీతకారుణ్ణి కత్తితో పొడిచి చంపాడు. హంతకుడు ఆ తరవాత పాత దేవతల పేరు చెప్పుకుని జాతి విద్వేషాన్ని ప్రచారం చేశాడు. ఎన్‌స్లేవ్డ్ మొదటి ఆల్బం 'వైకింగ్లిగ్ర్ వెల్ది' 1994లో వచ్చింది. దాన్ని విడుదల చేసింది హతుడు నెలకొల్పిన సంస్థే.

చర్చి మీద ఆ యువకుల కోపానికి చరిత్రలో కొంత కారణం లేకపోలేదు. నార్వేలో క్రైస్తవాన్ని వ్యాపింపజేయడంలో రాజుల కత్తికి పెద్ద పాత్రే ఉంది. 1030లో స్టిక్లెస్టాడ్ యుద్ధంలో చచ్చిపోయిన ఓలాఫ్ రాజును తరవాత పునీతుణ్ణి చేశారు. రాజ్యమూ మతమూ ఒకదాన్నొకటి ఎట్లా మోశాయో చెప్పడానికి అదొక్కటి చాలు. అయితే ఫాన్‌టాఫ్ట్‌లో కాలిపోయినదేమిటి? పన్నెండో శతాబ్దపు వడ్రంగుల పనితనం కాలిపోయింది. పేరు తెలియని కష్టజీవులు చెక్కిన దూలాలు కాలిపోయాయి. రాజు మీద కోపాన్ని వడ్రంగి మీద తీర్చుకోవడం ఏ విప్లవమూ కాదు.

అంతకు పూర్వపు చరిత్ర ఇంకా భయంకరమైనది. హిట్లర్ ఎస్.ఎస్. దళం తన చిహ్నాన్ని ప్రాచీన రూనిక్ లిపి నుంచి తీసుకున్నది. నార్వేలో 1933లో నాస్యునాల్ సామ్లింగ్ అనే ఫాసిస్టు పార్టీ పెట్టిన క్విస్లింగ్ వైకింగుల కాలపు సమాధి దిబ్బల దగ్గర సభలు జరిపాడు. 1940 నుంచి 1945 దాకా దేశం జర్మన్ సైన్యాల కింద నలుగుతుంటే శత్రువు తరఫున గద్దె మీద కూర్చున్నాడు. 1945 అక్టోబరులో అతన్ని కాల్చి చంపారు. అతని పేరే దేశద్రోహి అనే అర్థంలో ఇంగ్లీషులో మాటగా మిగిలిపోయింది. కాగా, ఓడిన్, థోర్, హైమ్‌డాల్ పేర్లు ఎత్తే ఏ సంగీతకారుడైనా ఈ చరిత్రకు జవాబు చెప్పుకోకుండా ముందుకు పోలేడు.

ఎన్‌స్లేవ్డ్ ఆ విద్వేషంలో చేరలేదు. తాము జాతివాదులం కామని బాహాటంగానే చెప్పింది. కాని ప్రకటనలను బట్టి మాత్రమే కళను అంచనా కట్టలేం. కళ లోపల జరిగినదేమిటో చూడాలి. అందుకే ఆ కుర్రవాడికి నేను ఇట్లా జవాబు చెప్పాను: "దొంగ ఎత్తుకుపోయినంత మాత్రాన సొత్తు దొంగది కాదు. నీకు నచ్చడం తప్పు కాదు. ఎందుకు నచ్చిందో చెప్పలేకపోతే మాత్రం అది నీకు అప్పుగా మిగులుతుంది." అతను నవ్వి, "అయితే ఆ అప్పు మీరే తీర్చండి సార్" అన్నాడు. ఈ వ్యాసం కొంతవరకు ఆ బాకీ కిందికే వస్తుంది.

ఇక ధ్వని సంగతి. మొదటి ఆల్బంలో అయిదే పాటలు. అన్నీ కలిసి సుమారు 50 నిమిషాలు. భాష ఐస్లాండిక్, ప్రాచీన నార్స్. అంటే ఆనాటి నార్వే యువకుడికి కూడా సరిగా అర్థం కాని భాష. మన కవులు కొందరు గ్రాంథికాన్ని ఆశ్రయించినట్టే వీరు కూడా గతం మీది హక్కును భాష ద్వారా చాటుకున్నారు. సంగీతంలో ఒకే వేగం, ఒకే రంగు, మధ్యలో చలికాలపు రాత్రిలాగా పరుచుకునే సింథసైజరు. 1998 నాటి 'బ్లూధెమ్న్' పేరుకు రక్త ప్రతీకారమని అర్థం. ఆ పేరులోనే వస్తువు తెలుస్తున్నది. గోత్రం, కత్తి, పగ.

2000లో వచ్చిన 'మార్‌డ్రౌమ్'తో దారి మలుపు తిరిగింది. 2003 నాటి 'బిలో ది లైట్స్' మొదటి పాటలో మెల్లోట్రాన్ వినబడుతుంది. మీట నొక్కితే ముందే రికార్డు చేసిన వాద్యాల టేపు కదిలి పలికే ఈ పరికరం 1960లలో వాడుకలోకి వచ్చింది. అంటే వైకింగుల గాథలోకి ఇరవయ్యో శతాబ్దపు యంత్రం ప్రవేశించిందన్న మాట. 2004లో 'ఈసా' వచ్చేసరికి హెర్‌బ్రాండ్ లార్సెన్ అనే కీబోర్డు వాద్యకారుడు చేరి, గీర గొంతు పక్కన శుభ్రమైన రాగాలాపన తెచ్చాడు. ఆ ఆల్బంకు నార్వే దేశపు స్పెల్లెమన్ బహుమతి లభించింది. 2008 నాటి 'వర్టిబ్రే'లో పింక్ ఫ్లాయిడ్ ఛాయలు స్పష్టంగా కనబడతాయి. క్రమంగా పాటల భాష కూడా ఎక్కువభాగం ఇంగ్లీషయింది. 2017లో లార్సెన్ స్థానంలో హోకన్ విన్యె వచ్చాడు. 2018 నుంచి డ్రమ్ములు వాయిస్తున్న ఈవర్ సాండోయ్ తానూ పాడతాడు. ఇట్లా ఒక గొంతు మూడు గొంతులయింది.

ఈ మార్పును కొందరు పాత శ్రోతలు పతనమన్నారు. వారికి కావలసినది 1994 నాటి చలే. నా ఉద్దేశంలో ఇది పతనం కాదు. జాతి శుద్ధిని గురించి కలలు కనేవాడు ధ్వనిలో కూడా శుద్ధినే కోరతాడు. ఈ బృందం అందుకు సరిగ్గా వ్యతిరేకమైన పని చేసింది. ఆంగ్లేయుల రాక్‌ను, యంత్రాల నాదాన్ని, పరాయి భాషను లోపలికి రానిచ్చింది. 'స్వచ్ఛమైన ఉత్తర దేశపు సంగీతం' అనేది ఒకటి ఉన్నదనే భ్రమను సొంత చేతులతోనే పడగొట్టింది. ఇది వారు ప్రకటించిన సిద్ధాంతం కాకపోవచ్చు. కాని కళాకారుడి చెయ్యి ఒక్కొక్కసారి అతని నోటికంటే ముందు నడుస్తుంది.

కొత్త ఆల్బంలో ఈ ప్రయాణమంతా ఒకచోట చేరింది. ఏడు పాటలు. మొదటి పాట 'బిహైండ్ ది మిర్రర్' కొమ్ము ఊదిన ధ్వనితో మొదలవుతుంది. రెండోదైన 'కంజీలియా' ఒకే దరువును పట్టుకుని ఎనిమిది నిమిషాలదాకా వదలదు. వింటూ ఉంటే దంపుళ్ళ పాటలో రోకలి దెబ్బ జ్ఞాపకం వచ్చింది నాకు. పునరుక్తి అక్కడ విసుగు కాదు, పనికి పట్టు. 'ఫారెస్ట్ డ్వెల్లర్' మెత్తని తీగెలతో మొదలై, హఠాత్తుగా తుపానులో పడి, మళ్ళీ తేరుకుంటుంది. చివర్లో 'హైమ్‌డాల్' పాట నిదానంగా, బరువుగా అడుగులు వేస్తుంది. విశేషమేమిటంటే, 1994 నాటి మొదటి ఆల్బంలో కూడా 'హైమ్‌డాల్ర్' అనే పాట ఉంది. కుర్రతనంలో ఎత్తుకున్న పేరుకే నడివయసులో తిరిగివచ్చారు. అప్పుడు ఆ పేరు ఒక నినాదంలా వినిపించింది. ఇప్పుడది ఒక ప్రశ్నలా వినిపిస్తున్నది.

హైమ్‌డాల్ ఎవరు? దేవలోకపు కావలివాడు. తొమ్మిదిమంది తల్లులకు పుట్టినవాడు. సుమారు 1220 ప్రాంతంలో ఐస్లాండ్‌లో స్నోర్రి స్తుర్లుసన్ కూర్చిన గ్రంథం ప్రకారం అతను పక్షికంటే తక్కువ నిద్రపోతాడు. నేలమీద గడ్డి మొలిచే చప్పుడు, గొర్రె మీద ఉన్ని పెరిగే చప్పుడు కూడా అతనికి వినబడతాయి. ప్రళయం దగ్గరపడ్డప్పుడు గ్యాలర్ కొమ్ము ఊది దేవతలను మేలుకొలుపుతాడు. ఆ యుద్ధంలో లోకీతో పోరాడి ఇద్దరూ చస్తారు. స్నోర్రి క్రైస్తవుడు. ఐస్లాండ్ క్రైస్తవం స్వీకరించి అప్పటికే రెండు వందల ఏళ్ళు దాటింది. మనకు దొరికే పాత గాథలలో ఎక్కువభాగం ఇట్లా పరాయి మతస్థుడి సిరాలో మునిగి వచ్చినవే. 'అసలైన ప్రాచీనత' కోసం వెతికేవారు ఈ సంగతి మరచిపోతారు.

హైమ్‌డాల్‌కు ఇంకొక కథ ఉంది. 'రీగ్స్‌థూలా' అనే కావ్యం 14వ శతాబ్దపు వ్రాతప్రతిలో మిగిలింది. అందులో రీగ్ అనే పేరుతో ఒక దేవుడు భూమిమీద తిరుగుతూ మూడు ఇళ్ళకు పోతాడు. ఆ రీగే హైమ్‌డాల్ అని ఆ ప్రతి చెబుతున్నది. ఒక్కొక్క ఇంట మూడేసి రాత్రులుంటాడు. మొదటి ఇంట థ్రాల్ పుడతాడు. అంటే బానిస. రెండో ఇంట కార్ల్, అంటే సొంత రైతు. మూడో ఇంట యార్ల్, అంటే ప్రభువు. థ్రాల్ చర్మం ముడతలు పడి ఉంటుంది, వేళ్ళ కణుపులు ముడులు తేలి ఉంటాయి, వీపు వంగి ఉంటుంది. అతని సంతానం కంచెలు కట్టాలి, పొలానికి పెంట తోలాలి, పందుల్నీ మేకల్నీ కాయాలి. వారికి కవి పెట్టిన పేర్లు చాలావరకు తిట్లు. మన పల్లెల్లో పెంటయ్య అనే పేరు పెడితే బిడ్డకు దిష్టి తగలకూడదని పెట్టేవారు. అక్కడ ఆ ప్రేమ కూడా లేదు. కార్ల్ ఎద్దుల్ని మచ్చిక చేస్తాడు, నాగళ్ళు చేస్తాడు. యార్ల్ విల్లు వంచుతాడు, గుర్రం ఎక్కుతాడు. దేవుడు తిరిగివచ్చి నా కొడుకువని చెప్పి తన పేరిచ్చినది యార్ల్‌కు ఒక్కడికే. రూనిక్ అక్షరాలు నేర్పినదీ యార్ల్‌కే.

ఈ ఘట్టం చదివినప్పుడు నాకు మా తాత చేతులు జ్ఞాపకం వచ్చాయి. ఆయన ఒక మోతుబరి ఇంట నలభై ఏళ్ళు పాలేరుగా బతికాడు. ఆయన వేళ్ళ కణుపులు కూడా ముడులు తేలే ఉండేవి. పెంట తోలినవాడు, కంచె కట్టినవాడు, చివరిదాకా వేలిముద్ర వేసినవాడు. ఆయన మనవణ్ణయిన నేను ప్రాచీన సాహిత్యం బోధించి జీతం తీసుకుంటున్నాను. ఆ సాహిత్యంలో మా తాత ఎక్కడున్నాడని అడిగితే నేను చూపించగల చోట్లు చాలా తక్కువ. ఉన్నచోట కూడా అతను నవ్వించడానికో, మొక్కడానికో వస్తాడు. ఎక్కడో నార్వే పాట గురించి మొదలైన విచారణ నన్ను నా గుమ్మం ముందుకే తెచ్చి నిలబెట్టింది.

ఈ పోలిక నా ఊహ కాదు. ఫ్రెంచి పండితుడు జార్జ్ ద్యుమెజిల్ 1958లోనే 'రీగ్స్‌థూలా'ను మన వర్ణ వ్యవస్థ పక్కన పెట్టి చర్చించాడు. ఋగ్వేదం పదో మండలంలోని పురుషసూక్తం ఒకే శరీరం నుంచి నాలుగు వర్ణాలను పుట్టిస్తే, ఈ కావ్యం ఒకే దేవుడి రాకపోకలతో మూడు వర్గాలను పుట్టించింది. చేసిన పని రెండింటిదీ ఒకటే. మనుషులు మనుషులమీద కట్టిన నిచ్చెనకు దైవం చేత సంతకం పెట్టించడం. అయితే పోలికను సమానత్వంగా పొరబడరాదు. స్కాండినేవియాలో బానిసత్వం పద్నాలుగో శతాబ్దానికి అంతరించింది. స్వీడన్‌లో 1335లో రాజశాసనమే దానికి స్వస్తి చెప్పింది. థ్రాల్ మనవలు ఇవాళ ఎవరో గుర్తుపట్టడం సాధ్యం కాదు. మన దేశంలో గుర్తుపట్టడానికి ఇంటిపేరు అడిగితే చాలు.

ఇప్పుడు ఆల్బం దగ్గరికి తిరిగివద్దాం. హైమ్‌డాల్‌ను పేరుగా పెట్టుకున్న ఈ రచనలో అతను లోకాల మధ్య సంచారి, తన లోపలికి తాను చూసుకునే అన్వేషకుడు. పగ నుంచి, గోత్ర గర్వం నుంచి ఇంత దూరం రావడం చిన్న సంగతి కాదు. కాని వచ్చినదెక్కడికి? వ్యక్తి అంతరంగంలోకి. గోత్రాన్ని వదిలి వ్యక్తిని చేరుకున్నారు, సమాజాన్ని మాత్రం చేరుకోలేదు. గడ్డి మొలిచే చప్పుడు వినగల దేవుడికి ఆ గడ్డి కోసే బానిస మూలుగు వినబడలేదా అనే ప్రశ్న ఈ ఏడు పాటల్లో నాకు దొరకలేదు. బానిస అనే మాటనే పేరుగా పెట్టుకున్న బృందం దగ్గర ఆ ప్రశ్న ఆశించడం అత్యాశ కాదనుకుంటాను. రూపం ముప్పయి ఏళ్ళలో సముద్రాలు దాటింది. వస్తువు యార్ల్ ఇంటి వసారాలోనే కూర్చున్నది.

ఈవార్ బ్యోర్న్‌సన్‌కు అటువంటి అవకాశం 2014లోనే వచ్చింది. నార్వే రాజ్యాంగానికి రెండు వందల ఏళ్ళు నిండిన సందర్భంలో అతనూ, వార్‌డ్రూనా బృందానికి చెందిన ఐనార్ సెల్విక్ కలిసి 'స్కుగ్‌స్యా' అనే రచన చేశారు. ఆ రాజ్యాంగం పుట్టిన ఐడ్స్‌వోల్ లోనే దాన్ని ప్రదర్శించారు. స్కుగ్‌స్యా అంటే అద్దం. ఏ అద్దమైనా చూపవలసిన మరక ఒకటి ఆ రాజ్యాంగంలో ఉంది. ఐరోపాలో ఎంతో ఉదారమైనదని పేరుపడిన ఆ 1814 పత్రం తన రెండో అధికరణంలో యూదులను దేశంలోకి రాకుండా నిషేధించింది. ఆ నిషేధాన్ని తీయించడానికి పాటుబడినవాడు హెన్రిక్ వెర్గెలాన్ అనే కవి. 1845లో అతను చనిపోయాడు. 1851లో నిషేధం పోయింది. జాతి ముఖాన్ని అద్దంలో చూపడమంటే నా దృష్టిలో వెర్గెలాన్ చేసిన పని. తన దేశాన్ని ప్రేమిస్తూనే దాని మీద మరకను వేలెత్తి చూపించాడు.

మన అనుభవం కూడా ఇక్కడ కొంత అక్కరకొస్తుంది. 1940లలో ప్రజానాట్యమండలి జంగం కథను తీసుకుని బుర్రకథగా మలచినప్పుడు షేక్ నాజర్ వంటివారు రూపాన్ని మాత్రమే పదును పెట్టి ఊరుకోలేదు. కథలోకి కొత్త మనుషుల్ని తెచ్చారు. రైతు, కూలీ, కరువు, కంట్రోలు బియ్యం కథకుడి పక్కన నిలబడ్డాయి. పాత తంబురా కొత్త మాట పలికింది. గతంలోంచి తెచ్చుకున్న పనిముట్టు ఎప్పుడు మనదవుతుందంటే, ఇదివరకు దాన్ని ముట్టుకోనివ్వని వాడి చేతికి అందినప్పుడు.

ఇందువల్ల ఆ నార్వే సంగీతాన్ని తోసివేయమని నేననను. మంచి సంగీతం అది. ముప్పయి ఏళ్ళుగా తమ ధ్వనిని తామే విరగ్గొట్టి తిరిగి కట్టుకుంటున్న కళాకారులు ఎక్కడైనా గౌరవించదగినవారే. అట్లాగే మన ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట చెప్పదలిచాను. ఇవాళ మన విద్యార్థి చెవిలోకి ప్రపంచమంతా తీగె లేకుండానే వచ్చి పడుతున్నది. దాన్ని ఆపడం మనవల్ల కాదు, ఆపనవసరం లేదు. స్వర్ణయుగాల గురించి పాటలు పాడి పిల్లల్ని పోగుచేసేవారు నార్వేలోనూ ఉన్నారు, మన వీధిలోనూ ఉన్నారు. వారికి మనం ఇవ్వగల జవాబు నిషేధం కాదు. ఏ స్వర్ణయుగం పేరెత్తినా, అందులో పెంట ఎవరు తోలారు, అక్షరం ఎవరికి చెప్పారు, కొమ్ము ఎవరిని లేపడానికి ఊదారు అని అడగడం నేర్పితే చాలు. ఈ మూడు ప్రశ్నలూ నార్స్ కావ్యానికెంత వర్తిస్తాయో, రేపు ఉదయం నేను క్లాసులో చెప్పబోయే పద్యానికీ అంతే వర్తిస్తాయి.